అతుకు పక్కన చీలిక: అధికోష్ణ ఉక్కులలో క్రీప్ నష్టపు గణన

థర్మల్ విద్యుత్ కేంద్రంలోని ఆవిరి గొట్టంపై పడే ఒత్తిడి ఆ ఉక్కు తట్టుకోగలిగిన దానికంటే చాలా తక్కువ. అయినా 550 డిగ్రీల సెల్సియస్ ప్రాంతపు వేడిలో లోహం ఏళ్ల తరబడి సాగుతూ చివరకు చిట్లుతుంది. ఈ నెమ్మది సాగుదలే క్రీప్. దీనిని ‘పాకుడు’ అనవచ్చు గాని, లోహం పాకదు, సాగుతుంది. కనుక ఇక్కడ క్రీప్ అనే మాటనే ఉంచడమైనది.

పి91 ఉక్కులో 9 శాతం క్రోమియం, 1 శాతం మాలిబ్డినం ఉంటాయి. కల్పాక్కం ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్ ఆవిరి జనరేటర్లకు ఎంచుకున్నది ఈ జాతి ఉక్కునే. దాని బలమంతా మార్టెన్‌సైట్ నిర్మాణంలోనూ, అందులో చెదిరి ఉన్న సూక్ష్మ కార్బైడ్, నైట్రైడ్ రేణువులలోనూ ఉంది. వెల్డింగ్ వేడి సోకినా కరగని అంచులో, రూపాంతర ఉష్ణోగ్రతకు అటూ ఇటూగా వేడెక్కిన సన్నని పట్టీ ఒకటి మిగులుతుంది. అక్కడి కార్బైడ్లు పూర్తిగా కరగక, తరువాత ముతకబారుతాయి. నాలుగో రకం చీలిక పుట్టేది ఈ పట్టీలోనే.

నష్టాన్ని అంకెగా మార్చే మార్గం 1958లో సోవియట్ శాస్త్రవేత్త కచనోవ్ చూపినది. రాబొత్నోవ్ దానిని విస్తరించాడు. చెక్కుచెదరని లోహానికి నష్టం సున్న, తెగిపోయినదానికి ఒకటి. నష్టం సగానికి చేరితే మిగిలిన లోహంపై ఒత్తిడి రెట్టింపవుతుంది. సాగే వేగం ఒత్తిడి యొక్క అయిదో ఘాతాన్ని అనుసరిస్తే, ఆ వేగం 32 రెట్లవుతుంది. చివరి దశ హఠాత్తుగా ముగియడానికి కారణమిదే.

అతుకును గణించేటప్పుడు మూల లోహానికి, పూరక లోహానికి, వేడి సోకిన పట్టీకి వేర్వేరు స్థిరాంకాలివ్వాలి. అసలు చిక్కు వాటిని సంపాదించడంలో ఉంది. ప్రయోగశాలలో ఎక్కువ ఒత్తిడితో త్వరగా తెంచిన నమూనాలు తరచు మూల లోహంలోనే తెగుతాయి. ఒత్తిడి తగ్గి, కాలం పెరిగిన కొద్దీ తెగే చోటు పట్టీకి మారుతుంది. కొద్ది వేల గంటల ఫలితాన్ని లక్ష గంటలకు, అంటే సుమారు 11 ఏళ్లకు, నేరుగా పొడిగిస్తే అతుకు ఆయుష్షు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించే ప్రమాదముంది.

ఇంకొకటి. రెండువైపులా గట్టి లోహం బిగించి ఉంచడంతో మెత్తని పట్టీ స్వేచ్ఛగా సాగలేదు. గోడ లోపల మూడు దిశల లాగుడు పెరిగి, సూక్ష్మ రంధ్రాలు ముందుగా అక్కడే పుడతాయి. పైతలాన్ని మెరుగుపెట్టి అచ్చు తీసి చూసే తనిఖీకి అవి చిక్కకపోవచ్చు. ఏ లోతున వెతకాలో గణన చెప్పగలిగితే అల్ట్రాసోనిక్ పరీక్షను ఆ లోతుకే గురిపెట్టవచ్చు.