పసిబిడ్డకు టైఫాయిడ్ టీకా: చక్కెర తొడుగు రహస్యము

వానలు పడి కొత్తనీరు వచ్చు దినములలో టైఫాయిడ్ జ్వరము తల యెత్తును. వనపర్తి జిల్లాలోని గోపాల్‌పేట వంటి ఊరైనను, హైదరాబాదు వంటి నగరమైనను, త్రాగునీటిలో మురుగు కలిసిన చోట ఈ భయము తప్పదు. ఈ క్రిమి పైతొడుగు నుండి తీసిన టీకా చాలకాలముగా వాడుకలో నున్నది. కాని అది రెండేండ్లు నిండని బిడ్డలకు పనికిరాకుండెను. కారణమేమి?

టైఫాయిడ్ క్రిమి తన శరీరముపై ‘వి ఐ’ అను చక్కెర తొడుగు కప్పుకొని యుండును. ఇది మనము పాలలో కలుపుకొను చక్కెర కాదు. ఒకే విధమైన చక్కెర అణువులు పూసలవలె వరుసగా కూర్చబడిన పొడవైన గొలుసు. ఆ తొడుగునకు అంటుకొని క్రిమిని పట్టియిచ్చునవే ప్రతిరక్షకములు. వీటిని తయారుచేయునవి తెల్ల రక్తకణములలోని ‘బి’ కణములు.

బయటినుండి వచ్చినది ప్రోటీన్ అయినచో, ‘టి’ కణములు ‘బి’ కణములకు సాయపడును. ఆ సాయము వలననే ప్రతిరక్షకములకు పదును హెచ్చును. శత్రువును చిరకాలము గుర్తుంచుకొను కణములు మిగులును. చక్కెర గొలుసు ఎదురైనపుడు మాత్రము ‘టి’ కణముల సాయము అందదు. ‘బి’ కణములు ఒంటరిగానే పోరాడవలెను. పెద్దలలో ఇది కొంతవరకు సాగును గాని, ఆ రక్షణ కొన్నియేండ్లకే సన్నగిల్లును. పసిబిడ్డలలో ఈ శక్తి ఇంకను పరిపక్వము కాదు.

దీనికి విరుగుడు చక్కెరకు ప్రోటీన్‌ను జతచేయుట. 1929లో అమెరికాలో ఏవరీ, గోబెల్ అను శాస్త్రజ్ఞులు ఈ మార్గమును ప్రయోగపూర్వకముగా చూపిరి. ‘బి’ కణము చక్కెరను పట్టుకొని, దానికి అంటియున్న ప్రోటీన్‌ను కూడ మింగును. ఆ ప్రోటీన్ ముక్కలను ‘టి’ కణమునకు చూపి సాయము పొందును. ఫలితముగా చక్కెరపైనే బలమైన ప్రతిరక్షకములు పుట్టును. పిల్లలకిచ్చు పెంటావాలెంట్ టీకాలోని హిబ్ భాగము కూడ ఈ పద్ధతిలోనిదే.

హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ ‘వి ఐ’ చక్కెరను ధనుర్వాత టీకాలోని ప్రోటీన్‌తో జతచేసి టైప్‌బార్ టి.సి.వి. అను టీకాను రూపొందించెను. దీనికి మన దేశములో 2013లో అనుమతి లభించినది. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అర్హత గుర్తింపు నిచ్చెను. నేపాలు పిల్లలలో జరిపి 2019లో ప్రకటించిన పరీక్షలో ఇది సుమారు 80 శాతము రక్షణ నిచ్చినట్లు తేలినది. ఆరు నెలలు నిండిన బిడ్డకు శిశువైద్యుని సలహాపై ఒక మోతాదు వేయించవచ్చును.

రక్షణ నూటికి నూరు కాదు గనుక ఇంటి జాగ్రత్త విడువరాదు. నీటిని మరగించి చల్లార్చి త్రాగించవలెను. వంటకు ముందు, మలవిసర్జన తరువాత చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. జ్వరము మూడు దినములు దాటినచో కషాయములతో కాలయాపన చేయక రక్తపరీక్ష చేయించవలెను. పసిబిడ్డయైనచో అంతవరకు కూడ ఆగరాదు. టైఫాయిడ్ ముదిరినచో ప్రేగునకు రంధ్రము పడి ప్రాణాపాయము కలుగవచ్చును. వైద్యుడిచ్చిన మందును, జ్వరము తగ్గినను, చెప్పిన గడువు వరకు వాడవలెను. పలుచని జావ, ధనియాల నీరు పెద్దపిల్లలకు ఊరట నిచ్చును. అవి ఆ మందునకు తోడే గాని బదులు కావు.