పాత తారురోడ్డును తిరిగి వాడుకొనుట

భైంసా ప్రాంతమున చాలభాగము నల్లరేగడి నేల. ప్రత్తికి మంచిదే గాని రోడ్డుకు మంచిది కాదు. వానకు ఉబ్బును, ఎండకు కుంచించుకొని బీటలువారును; పైనున్న తారురోడ్డు కూడ దానితోబాటే బీటలువారును. అట్టి రోడ్డుపై మరియొక పొర వేయుట వాడుక. ఇట్లు పొరమీద పొర పడి రోడ్డు ఎత్తుకాగా, ఇండ్లు పల్లమునబడి వాననీరు వాకిళ్లలోనికి వచ్చుట సభ్యులెరుగనిది కాదు.

పాత పొరను యంత్రముతో చెక్కితీసి, దానినే తిరిగి వాడినచో రోడ్డు ఎత్తు పెరుగదు. 1973 నాటి చమురు సంక్షోభము తరువాత ఈ పద్ధతి అమెరికాలో విస్తరించినది. మన దేశమున ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు 2015లో దీనికి నియమావళిని ప్రచురించినది. తారు ముడిచమురునుండి వచ్చునది. అందు నూటికి 85 పాళ్లకు పైగా మనము విదేశములనుండి కొనుచున్నాము. చెక్కిన సరుకును గుంటలలో పారబోయుట దుబారాయే యని మా అభిప్రాయము.

చెక్కితీసిన దానిలో రాయి సాధారణముగా చెడదు, ముసలిదగునది తారు. ఎండకు, గాలిలోని ఆమ్లజనికి దానిలోని తేలిక నూనెలు తగ్గి, బరువైన భాగము పెరిగి, పెళుసై చిట్లును. దీనిని సూదితో పరీక్షింతురు. 25 డిగ్రీల వేడిలో, 100 గ్రాముల బరువుతో, 5 సెకండ్లలో సూది ‘వి.జి.30’ రకపు కొత్త తారులో కనీసము నాలుగున్నర మిల్లీమీటర్లు దిగవలెను. ముసలి తారులో అంత దిగదు. తగ్గిన నూనెపాలును సమకూర్చు ద్రవ్యమును కలిపినచో తారు మరల మెత్తబడి రాతిని పట్టుకొనును. ఈ ద్రవ్యములను పెట్రోలియపు నూనెలనుండియు, చెట్ల నూనెలనుండియు చేయుదురు.

ఎంత కలుపవలెనో ప్రయోగశాలయే తేల్చవలెను. తక్కువైన పెళుసు పోదు. ఎక్కువైన వేసవిలో చక్రముల జాడలు కాలువలవలె పడును. కిరోసిను, డీజిలు పోసి ‘ఇదియు అదియే’ యనువారిని నమ్మరాదు. అవి తారును పలుచన చేయునే గాని బాగుచేయవు. పాత సరుకును మంటకు సూటిగా చూపినను తారు మాడును. కొత్త రాతిని బాగుగా కాచి, ఆ వేడితోనే పాతదానిని కరిగింపవలెను.

అయితే, క్రింది రేగడియే కుంగినచోట ఏ ద్రవ్యమును పనిచేయదు. కావున అంచనా వచ్చినపుడు, పాత పొరను చెక్కుదురా, ఆ సరుకు ఎచటికి పోవును, అని ఇంజనీరును అడుగుటకు ముందు, బీటలున్న చోట ఒక గుంట త్రవ్వించి అడుగునేలను చూపుమని కోరవలెను. ప్రక్కకాలువ పూడియున్నచో దానిని వానలకు ముందే తీయించుట పంచాయతీ చేతిలోని పని.