రాయవేలూరు చదువు

చిత్తూరు, కడప పల్లెల్లో రోగం ముదిరి, దగ్గరి డాక్టరు పెదవి విరిచాక ఇంట్లో పెద్దవాళ్ల నోట వచ్చే మాట ఒకటే: ‘రాయవేలూరుకు తీసుకుపోండి’. రికార్డుల్లో ఆ ఊరు వేలూరు. ఆసుపత్రి పేరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ, పొట్టిగా సీఎంసీ. ఓపీ వరుసలో తెలుగు, తమిళం, బెంగాలీ ఒకదాని మీద ఒకటి పడుతూ వినిపిస్తాయి. అక్కడ నిలబడ్డవాళ్లకు ఏ జబ్బుకు ఏ డాక్టరో తెలుసు, ఏ గదికి వెళ్లాలో తెలుసు. ఆసుపత్రికి ఏడు కిలోమీటర్ల దూరంలో, బాగాయంలో, ఆ డాక్టర్లు తయారయ్యే చోటు ఒకటుందని, అక్కడ పాఠం, ప్రార్థన, పల్లె తిరుగుడు పక్కపక్కనే సాగుతాయని చాలామందికి తెలియదు. పేరులో ‘కాలేజీ’ ఉందన్న సంగతే మనవాళ్లు మరిచిపోయారు.

ఈ కాలేజీకి ఒక పుట్టుక కథ ఉంది. ఐడా స్కడర్ 1870లో రాణిపేటలో పుట్టింది. తాత, తండ్రి ఇద్దరూ మిషనరీ డాక్టర్లే. ఆ అమ్మాయికి మాత్రం ఆ బతుకు పట్టలేదు. అమెరికాలో చదువుకుని అక్కడే స్థిరపడాలని ఆశ. తల్లికి జబ్బు చేస్తే చూసుకోవడానికి తిండివనం వచ్చింది. ఒక రాత్రి ముగ్గురు మగవాళ్లు, ఒకరి తర్వాత ఒకరు, తలుపు తట్టారు. ముగ్గురి ఇళ్లలోనూ భార్యలు పురిటి నొప్పులు పడుతున్నారు. ‘మా నాన్న డాక్టరు, ఆయన్ని తీసుకెళ్లండి’ అందామె. పరాయి మగవాడు ఇంట్లోకి రాకూడదన్నారు వాళ్లు. ఒకాయన బ్రాహ్మణుడు, ఇంకొకాయన ముస్లిం. ఆ ఒక్క పట్టింపులో మాత్రం తేడా లేదు. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ పోయారు.

ఆ రాత్రితో మనసు మారిన ఐడా అమెరికా వెళ్లి 1899లో కార్నెల్ వైద్య కళాశాల నుంచి పట్టా తీసుకుంది. 1900లో వేలూరుకు తిరిగివచ్చి ఒకే మంచంతో వైద్యం మొదలుపెట్టింది. 1902లో 40 పడకల ఆసుపత్రి లేచింది. 1918లో ఆడపిల్లల కోసం వైద్య పాఠశాల పెడతానంటే, ముగ్గురైనా చేరితే గొప్పేనన్నారు పెద్దలు. 150కి పైగా దరఖాస్తులు వచ్చాయి. మగపిల్లలకు ఈ కాలేజీలో చోటు దొరికింది 1947లో! వైద్య కళాశాలల్లో ఆడపిల్లలకు తలుపులు తెరిచిన తేదీలే మనం చదువుతుంటాం. ఇక్కడ లెక్క తిరగబడింది.

క్రైస్తవ కాలేజీ అనగానే మనకు మెదిలేది ఉదయం ప్రార్థన, బైబిలు క్లాసు, క్రిస్మస్ నాటిక. గుంటూరు ఏసీ కాలేజీలోనో, బందరు నోబుల్ కాలేజీలోనో, విజయవాడ లయోలాలోనో చదివినవాళ్లకు ఇందులో కొత్తేమీ లేదు. వేలూరులోనూ అవన్నీ ఉన్నాయి. విద్యార్థి క్రైస్తవ ఉద్యమం, ఇవాంజెలికల్ యూనియన్ అనే రెండు విద్యార్థి సంఘాలు ఉన్నాయి. మొదటిది సమాజంలోని అన్యాయం గురించి ఎక్కువ మాట్లాడే బాపతు, రెండోది బైబిలు పఠనానికి, వ్యక్తిగత భక్తికి ఎక్కువ విలువిచ్చే బాపతు. ఇల్లు వదిలి వచ్చిన పిల్లల్ని దత్తత తీసుకున్నట్టు చూసుకునే అధ్యాపక కుటుంబాలూ ఉన్నాయి. హాస్టల్ మెస్ మొహం మొత్తిన పిల్లవాడికి వేదాంతం కంటే ఆ ఇంటి భోజనమే ముందు గుర్తుంటుందేమో, అది వేరే సంగతి.

కాలేజీ ఆదర్శవాక్యం మార్కు సువార్త నుంచి తీసుకున్నది. ఒకరిచేత సేవ చేయించుకోవడానికి కాదు, తానే సేవ చేయడానికి అన్నది దాని సారాంశం. ఇలాంటి వాక్యాలు ప్రతి విద్యాసంస్థ గేటు మీదా ఉంటాయి. చూడాల్సింది టైంటేబుల్లో దానికి ఎంత చోటిచ్చారని.

మొదటి సంవత్సరం ఎంబీబీఎస్ పిల్లలు సుమారు మూడు వారాలు ఒక పల్లెలో మకాం పెడతారు. ఎక్కువగా ఇది వేలూరు పక్కనున్న కణియంబాడి బ్లాకులో జరుగుతుంది. అప్పటికి వాళ్లకు మందు రాయడం రాదు, సూది వేయడం రాదు. కాబట్టి చేయగలిగింది ఒకటే, ఇల్లిల్లూ తిరిగి అడగడం. ఇంట్లో ఎంతమంది, నీళ్లు ఎక్కడివి, మరుగుదొడ్డి ఉందా, పోయినేడు ఎవరైనా చనిపోయారా, అప్పు ఎంత, దేనికి చేశారు. సాయంత్రం లెక్కలు వేసుకుంటారు. వైద్యంలో ఏమీ తెలియని దశలో పంపడమే ఇందులో కిటుకు. నాలుగేళ్లు చదివాక వెళ్తే గుమ్మంలో మనిషికి బదులు రోగం కనబడుతుంది. ముందే వెళ్తే పశువుల పాక పక్కన చంటిబిడ్డ ఉయ్యాల కనబడుతుంది. పై తరగతుల్లో మళ్లీ పల్లెలకు పంపుతారు. కళ్లు అవే, ఈసారి చదువు తోడవుతుంది.

దేశంలోని వైద్య విద్యార్థులందరూ కుటుంబాలను దత్తత తీసుకోవాలని జాతీయ వైద్య కమిషన్ పాఠ్యప్రణాళికలో పెట్టింది ఈ మధ్యనే, 2020ల్లో. వేలూరులో పల్లె బాట పట్టే అలవాటు ఐడా కాలం నాటిది. ఆమె వారం వారం గుడియాత్తం దారిన కారులో బయల్దేరేది. చెట్ల కింద కాచుకుని ఉన్న రోగుల దగ్గర ఆగుతూ, పుళ్లు కడుగుతూ, మందులిస్తూ సాగిపోయేది. వాటిని ‘రోడ్‌సైడ్’ అనేవారు. కాలేజీ పెట్టాక విద్యార్థినులకూ అదే తరగతి గది అయింది.

ఆ గాలి పీల్చినవాళ్లలో మేరీ వర్గీస్ పేరు చెప్పకుండా ముందుకు పోలేం. కేరళ నుంచి వచ్చి ఇక్కడే చదివింది, ఇక్కడే డాక్టరైంది. 1954లో కారు ప్రమాదంలో వెన్నుపూస దెబ్బతిని నడుము కింది భాగం చచ్చుబడింది. కుష్ఠుతో వంకరపోయిన వేళ్లను శస్త్రచికిత్సతో సరిచేసే పని అప్పటికే పాల్ బ్రాండ్ అనే డాక్టరు వేలూరులో నడుపుతున్నారు. మేరీ చక్రాల కుర్చీలో కూర్చునే ఆ ఆపరేషన్లు చేసింది. చేతికి చేసే ఆపరేషన్ కూర్చుని చేయొచ్చు కదా అన్నది తర్కం. వినడానికి తేలిక, గంటల తరబడి చేయడానికి కాదు. తర్వాత న్యూయార్క్ వెళ్లి పునరావాస వైద్యం నేర్చుకుని వచ్చి, 1966లో వెన్ను విరిగినవాళ్ల కోసం వేలూరులో పునరావాస కేంద్రం తెరిపించింది. 1972లో పద్మశ్రీ వచ్చింది.

అందరూ మేరీ వర్గీస్‌లు కాలేరు. కాలేజీకి ఆ సంగతి తెలుసు, అందుకే బాండు రాయించుకుంటుంది. చర్చి సంస్థలు పంపిన విద్యార్థులు చదువయ్యాక రెండేళ్లు తమను పంపిన సంస్థ చెప్పిన మిషన్ ఆసుపత్రిలో పనిచేయాలి. తెలుగు నేల మీద జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రి, మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం, డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి ఆ మిషన్ల పరంపరలో పుట్టినవే. చిన్న ఊరి ఆసుపత్రిలో పాతికేళ్ల డాక్టరుకు అర్ధరాత్రి కాన్పు కేసు వస్తే పక్క గదిలో ప్రొఫెసరు ఉండడు. చదువుకునేటప్పుడు పాడిన కీర్తనలకు అసలు పరీక్ష అక్కడ.

ఎంపికలోనే ఈ సేవాగుణాన్ని పసిగట్టాలన్నది సీఎంసీ పట్టుదల. రాత పరీక్ష నెగ్గినవాళ్లను పిలిపించి, రోజుల తరబడి గమనించి, మాట్లాడి తీసుకునేది. దేశమంతటికీ ఒకే ప్రవేశ పరీక్షగా నీట్ వచ్చాక గొడవ మొదలైంది. 2017లో ఉమ్మడి కౌన్సెలింగ్‌కు ఒప్పుకోక, 100 ఎంబీబీఎస్ సీట్లలో ఒకే ఒక్కరిని చేర్చుకుంది. ఆ ఒక్కరూ కేంద్రం నామినేట్ చేసిన విద్యార్థి. అప్పట్లో ఇక్కడ ఏడాది ట్యూషన్ ఫీజు 3,000 రూపాయలు. కాబట్టి సీట్లు అమ్ముకోవడానికే ఈ పేచీ అన్న అనుమానానికి తావు తక్కువ. అయినా ఆ ఏడు 99 మందికి దక్కాల్సిన చదువు దక్కలేదన్నది కాదనలేని నిజం. 2020 ఏప్రిల్ 29న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: మైనారిటీ సంస్థలకూ నీట్ వర్తిస్తుంది, దానివల్ల వాటి హక్కులకు భంగం లేదు.

ఇప్పుడు ర్యాంకు నీట్‌ది. కొత్తగా చేరిన పిల్లల్లో ఎవరు ప్రార్థనకు వెళ్తారో, ఎవరు నిద్రపోతారో ముందుగా చెప్పే పరికరం ఎవరి దగ్గరా లేదు. కణియంబాడి పల్లెల్లో మూడు వారాల మకాం మాత్రం అలాగే ఉంది. ప్రార్థనకు వెళ్లేవాళ్లూ, నిద్రపోయేవాళ్లూ ఒకే పల్లెకు, ఒకే ప్రశ్నల కాగితంతో వెళ్తారు.