మారు తాళంచెవి ఎక్కడ ఉన్నది?

ఇంట తుపాకీ గలవారు ఇనుప బీరువా కొనగానే తమ బాధ్యత తీరినదని భావించుట సహజం. కాని రేకు ఎంత దళసరిదైనా, తాళం ఎంత గట్టిదైనా, ఆ బీరువా భద్రత చివరకు దాని రెండవ తాళంచెవిపైననే ఆధారపడి ఉంటుంది. మన భిలాయి సెక్టార్లలో లైసెన్సు తుపాకీ ఉన్న క్వార్టర్లు కొద్దిగానే ఉండవచ్చు. బీరువా లేని క్వార్టరు మాత్రం అరుదు. కనుక ఈ విషయం అందరికీ సంబంధించినదే.

1851లో లండన్ మహాప్రదర్శన సందర్భమున ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికా నిపుణుడు, దశాబ్దాల తరబడి ఎవరికీ లొంగని బ్రామా తాళాన్ని చెవి లేకుండా తెరిచినాడు. అందుకు ఆయనకు యాభై గంటలకు పైగా పట్టినది. ఇండ్లలో అంతటి నైపుణ్యంతో పనిలేదు. కుతూహలం గల పిల్లవాడు తాళంతో పెనుగులాడడు. తాళంచెవి కోసం వెదకుతాడు. దేవుని పటం వెనుక, బియ్యపు డబ్బా అడుగున, చీరల మడతల నడుమ మనం దాచే చోట్లు పిల్లలకు తెలియనివి కావు.

దాచిన చోటు మరచుట మరొక ప్రమాదం. పొరుగు రాష్ట్రమైన ఒడిశాలో, పూరీ జగన్నాథాలయ రత్నభాండాగారపు లోపలి గదిని 2018 ఏప్రిల్‌లో తనిఖీ బృందం వెలుపలి నుండే చూసి మరలవలసి వచ్చినది. తాళంచెవులు కానరావడం లేదన్న సంగతి ఆ పిమ్మట వెల్లడైనది. జూన్‌లో కలెక్టరు కార్యాలయపు రికార్డు గదిలో మారు తాళంచెవులున్న కవరు లభించినది. 2024 జూలై 14న గదిని తెరవబోగా ఆ చెవులు పనిచేయలేదు. తాళాలను బద్దలు కొట్టవలసి వచ్చినది. పరీక్షించి చూడని మారు తాళంచెవి ఉన్నా లేనట్లే.

బ్యాంకులు ఇనుపగది మారు తాళంచెవులను సీలు వేసి వేరొక శాఖలో భద్రపరుస్తాయి. గృహస్థులకూ ఇదే మార్గం. ఒక చెవి లైసెన్సుదారుని వద్దనే ఉండవలెను. రెండవదానిని కవరులో పెట్టి, అంటించిన చోట సంతకం చేసి, బ్యాంకు లాకరులో ఉంచుట మేలు. కవరు చిరిగినచో ఎవరో తెరిచినట్లు తెలిసిపోతుంది.

అంకెల మీటలు గల నూతన బీరువాలకు కూడా అత్యవసర తాళంచెవి ఉంటుంది. బ్యాటరీ అయిపోయినప్పుడు అదే ఆధారం. కొందరు దానిని ఆ బీరువాలోనే పెట్టి మూసివేస్తారు! కంపెనీ పెట్టిన తొలి సంకేత సంఖ్యను మార్చనిచో, మీటలున్నా తలుపు తెరిచి ఉంచినట్లే.

ఆయుధాన్ని భద్రంగా ఉంచే బాధ్యత లైసెన్సుదారునిదే. తుపాకీని గుండ్లు తీసి బీరువాలో ఉంచి, తూటాలను వేరొక తాళం కింద పెట్టవలెను. తాళంచెవి పోయినచో మరొకటి చేయించుకొనుటతో సరిపెట్టక తాళాన్నే మార్పించవలెను. ఆరు నెలలకొకసారి రెండు చెవులతోనూ తెరిచి చూడవలెను. బిగుసుకున్న తాళంలో కొబ్బరినూనె పోయరాదు. అది దుమ్ముతో కలిసి జిగురై లోపలి భాగాలను పట్టివేస్తుంది. గ్రాఫైటు పొడి ఉత్తమం.

ఈ ఆదివారం అరగంట తీరిక చేసుకొని, మీ బీరువా రెండవ తాళంచెవిని వెదకి, తాళంలో తిప్పి చూడండి.