గోధుమ మీద కోపం... పేగు మీద!

తగవు గ్లూటెన్‌తో. దెబ్బలు సొంత పేగుకి. సీలియాక్ వ్యాధిలో మన ఒళ్లే తయారుచేసుకునే యాంటీబాడీలు పేగు కణాలను ఏం చేస్తున్నాయి?

చపాతీ పిండి ముద్దను చిన్నది తీసుకుని కుళాయి కింద పట్టి పిసకండి. తెల్లటి పిండినీళ్లన్నీ పోయాక చేతిలో రబ్బరులా సాగే జిగురు మిగులుతుంది. అదే గ్లూటెన్. బ్రెడ్డు పొంగినా, పరోటా పొరలు పొరలుగా వచ్చినా దాని చలవే. ప్రపంచంలో సుమారు నూటికి ఒకరికి మాత్రం ఆ జిగురు పడదు.

చిన్నపేగు లోపలి గోడ నున్నగా ఉండదు. మిల్లీమీటరు ఎత్తు కూడా లేని చూషకాలు నారుమడిలా ఒత్తుగా నిలబడి ఉంటాయి. వాటి మొదళ్ల దగ్గరి గుంతల్లో పుట్టిన కణాలు పైకి జరుగుతూ ముదిరి, తిండిలోని సారాన్ని పీల్చుకుని, నాలుగైదు రోజుల్లో కొసన రాలిపోతాయి. సీలియాక్ ముదిరిన పేగు ముక్కను మైక్రోస్కోపు కింద పెడితే ఆ మడి కోత కోసినట్టుంటుంది. గుంతలు మాత్రం లోతుగా, లేత కణాలతో కిక్కిరిసి కనిపిస్తాయి. ఇక తిన్నది ఒంటబట్టదు. కొందరికి విరేచనాలు, కొందరికి ఎంతకీ తగ్గని రక్తహీనత. పిల్లలైతే ఎదుగుదల కుంటుపడొచ్చు.

అత్త మీద కోపం దుత్త మీద

గ్లూటెన్‌ను మన జీర్ణరసాలు పూర్తిగా తెగ్గొట్టలేవు. 33 అమైనో ఆమ్లాల తునక ఒకటి వాటిని తట్టుకుని నిలుస్తుందని 2002లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. పేగు గోడలో టీజీ2 అనే ఎంజైమ్ ఉంటుంది. ప్రొటీన్లను ఒకదానికొకటి కుట్టే దర్జీ అది. ఈ దర్జీ చేయిపడితే గ్లూటెన్ తునక రూపు కొద్దిగా మారుతుంది. డీక్యూ2, డీక్యూ8 అనే జన్యువులున్న కొందరిలో ఆ మారిన తునక రక్షణ వ్యవస్థ కంట్లో పడుతుంది. టీ-కణాలు యుద్ధం ప్రకటిస్తాయి.

సీలియాక్ రోగుల యాంటీబాడీల గురి ఈ టీజీ2 అని 1997లో బెర్లిన్‌లోని డెట్లెఫ్ షుప్పాన్ బృందం కనిపెట్టింది. మరి అవి దర్జీ మీదికెందుకు వెళ్తాయి? ఎక్కువమంది శాస్త్రవేత్తలు చెప్పే వివరణ ఇదీ: టీజీ2ను గుర్తుపట్టే బీ-కణం దాన్ని మింగినప్పుడు, అంటుకున్న గ్లూటెన్ తునకా లోపలికి పోతుంది. ఆ తునకను చూసి టీ-కణం ‘కానీ’ అంటుంది. బీ-కణమేమో తనకు తెలిసిన టీజీ2 మీదే యాంటీబాడీలు తయారుచేస్తుంది. గోధుమ మానేస్తే, ఎంజైమ్ ఒంట్లోనే ఉన్నా, యాంటీబాడీలు తగ్గిపోవడానికి కారణమిదే.

సాక్షా? దోషా?

రక్తంలో ఇవి కనిపిస్తే సీలియాక్ ఉన్నట్టు అనుమానం బలపడుతుంది. కాబట్టి మంచి సాక్షులే. దెబ్బ కొట్టడంలోనూ వీటి చేయి ఉందా?

ఫిన్లాండ్ పరిశోధకులు 1999లో పేగు కణాలను ల్యాబులో పెంచి, రోగుల యాంటీబాడీలు కలిపారు. కణాలు సరిగా ముదరలేదు. 2007లో ఇటలీ బృందం చూస్తే, ఈ యాంటీబాడీల వల్ల పేగు కణాలు మరింత జోరుగా విభజన చెందాయి. ముదరని కణాలు, మితిమీరిన విభజన... గుంతల్లో కనిపించేదీ అదే కదా! కణాల మధ్య అతుకులు వదులవుతాయని, కొత్త రక్తనాళాలు ఏర్పడటానికి అడ్డుపడతాయని కూడా ల్యాబు ప్రయోగాలు చెప్పాయి.

అయితే గాజు పళ్లెంలో జరిగిందల్లా పేగులో జరగాలని లేదు. ఈ యాంటీబాడీలు తయారయ్యేలా చేసిన ఎలుకల పేగులు పాడవలేదు. రక్తంలో యాంటీబాడీలుండి కూడా చూషకాలు నిక్షేపంగా ఉన్నవాళ్లున్నారు. పేగు కణాలను నేరుగా చంపేది వాటి మధ్యే తిష్టవేసే లింఫోసైట్లు అనే రక్షణ కణాలు. యాంటీబాడీలు సాక్షులన్నది ఖాయం. చేయి కలిపారన్న అనుమానం తీరలేదు. సూత్రధారులని మాత్రం చెప్పలేం.

మన పళ్లెంలో

2016లో వెలువడిన ఓ సర్వేలో ఉత్తరాదిన 1.23 శాతం మందిలో, దక్షిణాదిన 0.10 శాతం మందిలోనే ఈ యాంటీబాడీలు కనిపించాయి. డీక్యూ2, డీక్యూ8 జన్యువుల్లో తేడా స్వల్పం: అక్కడ 38 శాతం, ఇక్కడ 36 శాతం మందిలో ఉన్నాయి. రోజుకు తినే గోధుమ అక్కడ 455 గ్రాములు, ఇక్కడ 25 గ్రాములు. మనల్ని ఇన్నాళ్లూ కాచింది అన్నం ముద్దే కావచ్చు. రాత్రిపూట అన్నం మాని చపాతీలకు మారుతున్న ఇళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

అనుమానముంటే ముందే గోధుమ మానొద్దు. మానితే యాంటీబాడీలు తగ్గి పరీక్షలో దొరకవు. టీజీ2 మీది యాంటీబాడీలను పట్టే టీటీజీ-ఐజీఏ పరీక్షతోపాటు, ఐజీఏ అనే రకం యాంటీబాడీలు ఒంట్లో మొత్తం ఎన్నున్నాయో కూడా చూడాలి. ఐజీఏ పుట్టుకతోనే తక్కువున్నవారిలో మొదటి పరీక్ష మోసం చేస్తుంది.

వ్యాధి ఖాయమైతే మందు ఒక్కటే: జీవితాంతం గోధుమ, బార్లీ, రై మానడం. అన్నం, జొన్నరొట్టె, రాగి సంకటి, కొర్రలు నిశ్చింతగా తినొచ్చు. అయితే గ్లూటెన్ చెప్పిరాదు. పులిహోరలో వేసే డబ్బా ఇంగువలో మైదా కలిసి ఉండొచ్చు. పెసరట్టు మంచిదే. దాని మడతలో దాగిన ఉప్మాయే గోధుమ.