గొరగనమూడి స్వామి మళ్లీ స్టూడెంట్ అయ్యారు

ఇంటర్వ్యూలో క్వాంటం గురించి అడిగితే ‘అదంతా మన వేదాల్లోనే ఉంది సార్’ అనేద్దామనుకుంటున్నారా? ఆగండి.

భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో పుట్టిన స్వామి జ్ఞానానందకి వేదాలు బాగా తెలుసు. యోగం గురించి జర్మనీలో ఉపన్యాసాలిచ్చిన సన్యాసి. అక్కడే ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం ఆయన్ని పట్టేసింది. ముప్పై దాటాక, పిల్లాడిలా లెక్కలు, ఫిజిక్స్ చదవడానికి కూర్చున్నారు! ప్రాగ్‌లో ఎక్స్‌రే వర్ణపటాలపై పరిశోధించి డాక్టరేట్ తెచ్చుకున్నారు. లివర్‌పూల్‌లో, న్యూట్రాన్‌ని కనిపెట్టిన చాడ్విక్ దగ్గర పనిచేశారు. తర్వాత ఆంధ్రా యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగాన్ని నిలబెట్టారు.

ఆ వర్ణపటంలో కొన్ని గీతలు విడివిడిగా ఎందుకొస్తాయి? పరమాణువులో ఎలక్ట్రాన్ శక్తికి మెట్లుంటాయి. మెట్టుకీ మెట్టుకీ మధ్య నిలబడే చోటు లేదు. ఇంటర్వ్యూలో ఈ ముక్క చెప్పండి.