రహదారి సుంకము - అంగడి బేరము

నగరపు నడిబొడ్డున ప్రవేశించు కార్లపై సుంకము విధించినచో వీథులలో రద్దీ తగ్గవచ్చును. కాని ఆ వీథులనే నమ్ముకొని బ్రతుకు వర్తకుల మాట యేమి? బండి రానిచో బేరమును రాదేమో యని వారు భయపడుట సహజము. ఈ భయము ఎంతవరకు సహేతుకమో లండన్ నగరపు అనుభవమును బట్టి పరిశీలింతము.

2003 ఫిబ్రవరి 17వ తేదీన లండన్ మధ్యభాగమున రోజుకు 5 పౌండ్ల చొప్పున ఈ సుంకము అమలులోనికి వచ్చినది. తొలి యేట అచట ప్రవేశించు వాహనములు నూటికి సుమారు 18 వంతులు తగ్గినవి. అమ్మకములు పడిపోయినవని పెక్కుమంది వర్తకులు మొరపెట్టుకొనిరి.

అయితే ఆ సంవత్సరమే జనవరి 25న ఛాన్సరీ లేన్ వద్ద రైలు పట్టాలు తప్పుటచే, ఆక్స్‌ఫర్డ్ వీథికి జనమును చేరవేయు సెంట్రల్ భూగర్భ రైలుమార్గము వారముల తరబడి మూతపడినది. మార్చిలో ఇరాక్ యుద్ధము ఆరంభమై విదేశయాత్రికుల రాక మందగించినది. నష్టములో సుంకము పాలెంతో తేల్చుట సులభము కాకపోయెను.

2007లో వెలువడిన ఒక పరిశోధన ఈ చిక్కును విడదీయ యత్నించినది. ఆక్స్‌ఫర్డ్ వీథిలోని జాన్ లూయిస్ దుకాణపు అమ్మకములు సుంకము వలన తగ్గినవనియు, నగర మధ్యభాగపు చిల్లర వర్తకము మొత్తముపై మాత్రము చెప్పుకోదగిన ప్రభావము కానరాలేదనియు అది తెలిపినది.

ఈ రెండు ఫలితములకును పొత్తు కుదరకపోలేదు. చొక్కాయో పుస్తకమో కొనువాడు బస్సులో వచ్చి చేతిసంచితో తిరిగిపోగలడు. బరువైన గృహోపకరణములు కొనువానికి కారు కావలెను. అతడు సుంకము లేని చోటనున్న అంగడికి మరలవచ్చును. సరకు తెచ్చు లారీకిని సుంకము తప్పదు. దారి తెరిపిగా నుండి అది వేళకు చేరినచో ఆ ఖర్చులో కొంత కలిసివచ్చును. కనుక ఒకే వీథిలో ఒకనికి భారమైనది పొరుగువానికి తెలియకనే పోవచ్చును.

కారు విడిచిన కొనుగోలుదారు అంగడికి రావలెనన్న బస్సో రైలో సిద్ధముగా నుండవలెను. లండన్‌లో ఈ సుంకపు నికరాదాయమును రవాణా కొరకే వినియోగింపవలెనని చట్టము నిర్దేశించినది అందులకే. ఇట్టి పథకము తలపెట్టు నగరమేదైనను మొత్తపు లెక్కతో తృప్తి చెందరాదు. మొత్తము నిలకడగా నున్నను, బేరము పోయిన అంగడివాని యింట ఆ లోటు లోటే యని మనము మరువరాదు.